డాబా మీద గది కడుతున్నారా? మీ పిల్లల చేతికి ఒక నోటుబుక్కు ఇవ్వండి



పిల్లలు పెద్ద తరగతులకు వస్తున్నారు, చదువుకోవడానికి వేరే గది ఉంటే బాగుండును అని చాలా ఇళ్లలో అనుకుంటారు. డాబా మీద ఒక గది, వీలైతే ఒక బాత్‌రూమ్, బయటినుంచి మెట్లు. పని మొదలయ్యాక కొన్ని నెలల పాటు ఇంట్లో ఇసుక, సిమెంటు, మేస్త్రీ, డబ్బు ఇవే మాటలు. ఎవరి కోసం ఆ గది కడుతున్నామో ఆ పిల్లలకు మాత్రం "అటు వెళ్లకు, దుమ్ము" అన్న ఒక్క మాటే దక్కుతుంది.

ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు లెక్కలు, సైన్సు పుస్తకాల్లో ఉన్న చాలా పాఠాలు ఆ కొన్ని నెలల్లో మీ ఇంటి మీదే జరుగుతాయి. అందుకు కావలసినవి ఒక నోటుబుక్కు, ఒక టేపు, వారానికి ఒక గంట. ప్రతి ఆదివారం ఒకే చోట నిలబడి ఒక ఫొటో తీయమనండి. దాని కింద తేదీ, ఆ వారం అయిన పని, కొలతలు, ఖర్చు రాయమనండి.

మొదటి పేజీ: కింది ఇల్లు మోయగలదా?

ఒక్క ఇటుక కొనకముందే రాయవలసిన ప్రశ్న ఇది. ఉన్న పిల్లర్లు, పునాది మరో అంతస్తు కోసం లెక్కవేసి కట్టినవేనా? పిల్లర్ల ఊచలు పైకి వదిలి ఉన్నాయంటే అప్పట్లో ఆ ఆలోచన ఉండి ఉండవచ్చు. అంతమాత్రాన అది హామీ కాదు. స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూసి చెప్పాలి. మున్సిపాలిటీ లేదా పంచాయతీ అనుమతి కూడా ముందే తీసుకోవాలి. ఇంజనీరు వచ్చిన రోజు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి. పైగది బరువు స్లాబు నుంచి బీమ్‌కు, బీమ్ నుంచి పిల్లర్‌కు, పిల్లర్ నుంచి పునాదికి, అక్కడినుంచి నేలకు ఎలా దిగుతుందో బొమ్మ గీయించి బాణం గుర్తులు పెట్టించండి.

మూల సరిగ్గా ఉందా?

గది 12 అడుగులు వెడల్పు, 16 అడుగులు పొడవు అనుకుందాం. మేస్త్రీ గారు మూలనుంచి ఒక వైపు 3 అడుగులకు, ఇంకో వైపు 4 అడుగులకు గుర్తు పెట్టి, ఆ రెంటి మధ్య దూరం 5 అడుగులు వస్తుందో లేదో చూస్తారు. వస్తే ఆ మూల లంబకోణం. పైథాగరస్ సిద్ధాంతం పుస్తకంలో చదివిన పిల్లలకు దాని ఉపయోగం అక్కడ అర్థమవుతుంది.

మన గదికి మూలనుంచి మూలకు టేపు పట్టించండి. 12 వర్గం 144, 16 వర్గం 256, మొత్తం 400. దాని వర్గమూలం 20. రెండు కర్ణాలూ సరిగ్గా 20 అడుగులు రావాలి. ఒకటి 20, ఇంకొకటి 19 అడుగుల 9 అంగుళాలు వస్తే గది వంకర పోయినట్టే. గోడ లేవకముందు దాన్ని సరిచేయడానికి ఐదు నిమిషాలు చాలు. టైల్స్ వేసేటప్పుడు తెలిస్తే గోడ పక్కన ప్రతి టైలూ ఏటవాలుగా కోయాల్సి వస్తుంది.

నీళ్లు నింపిన సన్నని గొట్టంతో లెవెల్ చూడటం, దారానికి కట్టిన గుండుతో గోడ నిలువు చూడటం కూడా చూపించండి. గొట్టం రెండు చివర్లలోనూ నీరు ఒకే ఎత్తులో ఎందుకు నిలుస్తుంది? గుండు ఎప్పుడూ నేల వైపే ఎందుకు లాగుతుంది? జవాబులు పిల్లలే మేస్త్రీ గారికి చెప్పనివ్వండి. ఆయన దగ్గర నేర్చుకోవలసినవి అంతకంటే ఎక్కువే ఉంటాయి.

స్లాబుకు ఎన్ని బస్తాలు?

ఎనిమిది, తొమ్మిది తరగతుల వారికి మంచి లెక్క. స్లాబు మందం 5 అంగుళాలు. వైశాల్యం 12 × 16 = 192 చదరపు అడుగులు. ఘనపరిమాణం 192 × 5 ÷ 12 = 80 ఘనపుటడుగులు.

సిమెంటు, ఇసుక, కంకర 1 : 1½ : 3 పాళ్లలో కలుపుతారు. మొత్తం 5½ పాళ్లు. అయితే నీళ్లు పోసి కలిపాక కంకర మధ్య ఖాళీల్లోకి ఇసుక, ఇసుక మధ్య ఖాళీల్లోకి సిమెంటు చేరి పరిమాణం తగ్గుతుంది. అందుకే పొడి సరుకు సుమారు 1.54 రెట్లు లెక్క వేస్తారు. 80 × 1.54 = 123 ఘనపుటడుగులు. దాన్ని 5½తో భాగిస్తే సిమెంటు 22.4 ఘనపుటడుగులు. 50 కిలోల బస్తా సుమారు 1.25 ఘనపుటడుగులు ఉంటుంది కాబట్టి 18 బస్తాలు. ఇసుక 34, కంకర 67 ఘనపుటడుగుల చొప్పున. బీమ్‌లకు, వృథాకు వేరుగా కలుపుకోవాలి.

ఇనుముకు ఇంకో సూత్రం ఉంది. ఊచ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 8 ఎం.ఎం. ఊచకు 64 ÷ 162 = 0.395 కిలో. 12 మీటర్ల ఊచ ఒకటి సుమారు 4.74 కిలోలు. 40 ఊచలకు 190 కిలోలు. బిల్లులో 215 కిలోలని ఉంటే అడగవలసిందే. కొద్దిపాటి తేడాను ప్రమాణాలే ఒప్పుకుంటాయి. 25 కిలోలు కొద్దిపాటి తేడా కాదు. ఈ లెక్క ఒక్కసారి తానే చేసి చూసిన పిల్లవాడు భాగహారం ఎందుకు నేర్చుకోవాలని మళ్లీ అడగడు.

ఏమీ జరగనట్టు కనిపించే రోజులు

స్లాబు పోసిన మర్నాటి నుంచి పని ఆగిపోయినట్టు ఉంటుంది. పైన మట్టితో గానీ, సిమెంటుతో గానీ మళ్లు కట్టి నీళ్లు నిలుపుతారు, అంతే. వరుసగా రెండు ఆదివారాల ఫొటోల్లో ఏ తేడా కనిపించదు. మన నోటుబుక్కులో అన్నిటికంటే ముఖ్యమైన పేజీలు ఇవే.

కాంక్రీటు ఎండితే గట్టిపడుతుందని పెద్దవాళ్లలోనూ చాలామంది అనుకుంటారు. సిమెంటు గట్టిపడేది నీటితో జరిగే రసాయన చర్య వల్ల. తడి ముందే ఆరిపోతే ఆ చర్య సగంలో ఆగుతుంది, బలం తగ్గుతుంది. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 ప్రకారం మామూలు సిమెంటు వాడితే కనీసం 7 రోజులు, ఎండ ఎక్కువగా ఉంటే కనీసం 10 రోజులు తడిగా ఉంచాలి. ఫ్లైయాష్ కలిసిన పి.పి.సి. సిమెంటుకు 14 రోజులు మంచిది. కాంక్రీటు బలాన్ని లెక్కలోకి తీసుకునేది 28వ రోజున.

సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలన్న దగ్గరే అసలు ప్రమాదం. అద్దె పెరుగుతోందని, వేరే పనికి చెక్కలు కావాలని తొందర పెడతారు. అదే ప్రమాణం ప్రకారం 4.5 మీటర్ల లోపు స్లాబుకు ఆధారపు కర్రలు కనీసం 7 రోజులు, 6 మీటర్ల లోపు బీమ్‌లకు కనీసం 14 రోజులు ఉండాలి. మన గది 12 అడుగుల వెడల్పు సుమారు 3.66 మీటర్లు. పి.పి.సి. వాడితే ఇంజనీరు మరికొన్ని రోజులు పెంచమంటారు. ఆయన చెప్పిన తేదీని ఎర్ర పెన్నుతో నోటుబుక్కులో రాయించండి. ఆ తేదీకి ముందు ఎవరు అడిగినా "ఇంకా రోజులున్నాయి" అని చెప్పే మనిషి ఇంట్లో ఒకరుండటం మంచిదే.

చిన్న ప్రయోగం: పెద్దవాళ్లు చేతికి గ్లవ్స్ వేసుకుని సిమెంటు, ఇసుక 1 : 3 పాళ్లలో కలిపి రెండు అగ్గిపెట్టెల్లో పోయండి. మర్నాడు ఒకటి నీళ్లలో, ఒకటి ఎండలో పెట్టండి. 14 రోజుల తర్వాత రెంటినీ మేకుతో గీసి చూడమనండి. ఏది ఎక్కువగా రాలుతుందో పిల్లలే రాస్తారు.

డబ్బు గీత, పని గీత

"పని ఎంతవరకు వచ్చింది?" అని బంధువులు అడిగితే మనం తరచుగా ఎంత ఖర్చయిందో చెబుతాం. ఆ రెండూ ఒకటి కావు. లెక్క కోసం ఒప్పందం 6 లక్షలు అనుకుందాం. దశలకు వాటా ఇలా రాసుకున్నారు: పిల్లర్లు 15 శాతం, స్లాబు 35, గోడలు 20, ప్లాస్టరింగ్ 15, మిగతా పనులు 15. స్లాబు పూర్తయ్యేసరికి పని 50 శాతం. మీరు ఇచ్చింది 3 లక్షల 60 వేలు, అంటే 60 శాతం. గ్రాఫు కాగితంపై పనికి నీలం గీత, డబ్బుకు ఎర్ర గీత గీయిస్తే మధ్యలో 10 శాతం ఖాళీ కనిపిస్తుంది. అది 60 వేలు.

ఆ ఖాళీ మోసమే అవ్వాలని లేదు. గోడల ఇటుకలు ముందే దిగి ఉండవచ్చు. అడిగి తెలుసుకోవాలి. లెక్క చేతిలో ఉంటే గొంతు పెంచకుండా అడగవచ్చన్నది కూడా పిల్లలు నేర్చుకునే పాఠమే. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉంటే దాచకండి, భయపెట్టకండి. "ఈ నెల గోడల వరకే, ప్లాస్టరింగ్ వచ్చే నెల" అని చెబితే ఏడో తరగతి పిల్లలకు అర్థమవుతుంది.

చదువు, భద్రత

పదో తరగతి పరీక్షలు సాధారణంగా మార్చిలో ఉంటాయి. ఆ ఇంట్లో టైల్స్ కోత, గోడలు కొట్టడం వంటి చప్పుడు పనులు ఫిబ్రవరికి ముందే ముగించండి, లేదా పరీక్షల తర్వాతకు వాయిదా వేయండి. వేసవికి జరిపితే క్యూరింగ్‌కు నీళ్లు దొరుకుతాయో లేదో ముందే చూసుకోండి. మన స్లాబు మీద ఒక అంగుళం నీరు నిలపాలంటేనే 16 ఘనపుటడుగులు, అంటే సుమారు 450 లీటర్లు కావాలి.

స్లాబు పోసే రోజు పిల్లలు పైకి వెళ్లకూడదు. పిట్టగోడ లేని అంచు, మూతలేని సంపు, మేకులున్న చెక్కలు, వేలాడే కరెంటు తీగలు ఎప్పుడూ ప్రమాదమే. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో వలస వచ్చిన కుటుంబాలు మీ ఇంటి పని చేస్తుంటే, వారి పిల్లలకూ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి.

ఈ నెల ఇంటిపని

మీ ఇంట్లో కట్టుబడి లేకపోతే మీ వీధిలో ఏదో ఒక ఇల్లు లేస్తూనే ఉంటుంది. యజమానిని అడిగి, గేటు బయటినుంచి నాలుగు ఆదివారాలు చూపించండి. మీ ఇంట్లోనే పని జరుగుతుంటే నోటుబుక్కును చివరి రంగు వేసే రోజు వరకు కొనసాగించండి. తర్వాత దాన్ని ఇంటి కాగితాలతో పాటు బీరువాలో పెట్టండి. పదేళ్ల తర్వాత గోడకు మేకు కొట్టాలన్నా, పైపు ఎక్కడుందో వెతకాలన్నా మీ అమ్మాయో, అబ్బాయో రాసిన ఆ పేజీలే ముందు తీస్తారు.