బాల న్యాయం: గాయపడిన బాల్యం, పునరావాసం

నెల్లూరు తీరాన్ని సునామీ తాకింది: 2004 డిసెంబరు 26. అలాంటి ప్రకృతి విపత్తు బాధిత బాలలు నేడు 'సంరక్షణ, రక్షణ అవసరమైన బాలలు': సెక్షన్ 2(14), బాల న్యాయ చట్టం-2015 (అమలు: 2016 జనవరి 15). వీరు బాలల సంక్షేమ కమిటీ ముందుకు. చట్టంతో విభేదించిన బాలలు, 2(13), జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు. అభ్యర్థులు తికమకపడేది ఇక్కడే.

బోర్డు: ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు (కనీసం ఒకరు మహిళ).
విచారణ సమయంలో అబ్జర్వేషన్ హోమ్: సెక్షన్ 47. తీర్పు తర్వాత స్పెషల్ హోమ్: సెక్షన్ 48.

సెక్షన్ 53 (ముఖ్యం): హోముల్లో చదువు, నైపుణ్య శిక్షణ, కౌన్సెలింగ్‌తో కూడిన మానసిక ఆరోగ్య సేవలు. హింస చూసిన పిల్లలకు తిండి, పడక మాత్రమే చాలవని చట్టమే ఒప్పుకున్న చోటు ఇది.

ఐరాస బాలల హక్కుల ఒడంబడిక: ఆమోదం 1989 నవంబరు 20, భారత్ చేరిక 1992 డిసెంబరు 11. మానసిక గాయం నుంచి కోలుకోవడం: ఒడంబడిక ఆర్టికల్ 39. రాజ్యాంగంలోని 39(ఎఫ్)తో కలపొద్దు; అడగవచ్చు.