బీరువాలో చారిజార్డ్ ఉంటే చాలదు

చిన్నప్పుడు పోకెమాన్ కార్డులు ఆడి, చదువుల్లో, ఉద్యోగాల్లో పడి వదిలేసినవాళ్ళు మళ్ళీ పోటీల్లో కూర్చోవాలనుకోగానే చేసే మొదటి పని పాత డబ్బా కిందికి దించడం. సరదాకి దించుకోండి, డెక్ మాత్రం అందులోంచి మొదలుపెట్టకండి. 1999 నాటి చారిజార్డ్‌కి 120 హెచ్‌పీ ఉండేది. 2023లో వచ్చిన చారిజార్డ్ ఈఎక్స్‌కి 330. స్టాండర్డ్ అంటే కొత్త కార్డులతోనే ఆడే పోటీ పద్ధతి, అందులో ఆ పాతదాన్ని అసలు బల్లమీదికే రానివ్వరు.

ఏది చెల్లుతుందో తెలుసుకోవడానికి కార్డు కింద ఎడమ మూల చూడండి. చిన్న డబ్బాలో ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. బేసిక్ ఎనర్జీ కాని కార్డు మీద అసలు అక్షరమే లేకపోతే అది 2020కి ముందుది, చాలావరకు పక్కన పెట్టేయొచ్చు. ఉన్నవాటిలో కూడా అన్నిటికన్నా పాత అక్షరం ఏటా బయటికి పోతుంది. దీన్నే రొటేషన్ అంటారు. 2023లో డి, 2024లో ఇ, 2025లో ఎఫ్ పోయాయి, మూడూ ఏప్రిల్‌లోనే. జీతం మీద బతికేవాళ్ళు పట్టించుకోవాల్సిన సంగతి ఇది. జనవరిలో డెక్ కొంటే, అందులో ముఖ్యమైన కార్డులు పోబోయే అక్షరంవి అయితే, మూడు నెలల్లో అది అలంకారానికి మిగులుతుంది. రొటేషన్ అయ్యాక కొనండి, లేదా కొత్త అక్షరాలున్న డెక్ చూసుకోండి. పాత డబ్బాలో పనికొచ్చేవి కొద్దిగా ఉంటాయి. నిప్పు, నీరు లాంటి బేసిక్ ఎనర్జీలు వాడుకోవచ్చు. స్విచ్ లాంటి కార్డు అదే పేరుతో, అదే పనితో మళ్ళీ అచ్చయి ప్రస్తుతం చెల్లుతుంటే పాత అచ్చు కూడా చెల్లుతుంది. ప్రపంచ పోటీల విజేతల డెక్కులని అమ్మే పెట్టెలు మాత్రం చెల్లవు, వాటి వెనక బొమ్మ వేరు. బొమ్మల దుకాణాల్లో దొరికే బంగారు రంగు ప్లాస్టిక్ కార్డుల గురించి చెప్పక్కర్లేదు.

ఇక అసలు విషయం. తిరిగొచ్చిన ఆటగాడు పెద్ద దెబ్బ కొట్టే పోకెమాన్లు నలుగురైదుగురిని పెట్టుకుని, మిగిలిన జాగా ఎనర్జీతో నింపుతాడు. అప్పట్లో రెడీమేడ్ డెక్కుల్లో సగానికి దగ్గరగా ఎనర్జీలే ఉండేవి కనుక ఆ లెక్కే బుర్రలో మిగిలిపోయింది. ఇప్పటి డెక్ బలం వెతికి తెచ్చే కార్డుల్లో ఉంటుంది. 60 కార్డుల్లో సగానికి పైగా ట్రైనర్లే ఉండడం మామూలు. చాలా డెక్కుల్లో ఎనర్జీ పది లోపే.

పేకాటలో పంచింది పట్టుకుని ఆడాలి. ఇక్కడ కట్టను మనమే పేర్చుకుని వస్తాం, కాబట్టి చెత్త ముక్కలు పడ్డాయని తిట్టుకునేముందు లెక్క చూడాలి. ఒక కార్డు నాలుగు కాపీలు పెడితే మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటి కనపడే అవకాశం 40 శాతం. రెండే పెడితే 22. ఒక్కటే అయితే 12 కన్నా తక్కువ. పైగా ఆరు కార్డులు ప్రైజుల కింద బోర్లా పడుకుంటాయి, అంటే మీ ఒంటరి కార్డు పది ఆటల్లో ఒకసారి అక్కడే ఇరుక్కుంటుంది. బేసిక్ పోకెమాన్లు ఎనిమిదే ఉంటే, మొదటి చేతిలో ఒక్కటీ రాక మళ్ళీ కలపాల్సిన పరిస్థితి 35 శాతం సార్లు వస్తుంది. పన్నెండు పెడితే అది 19కి దిగుతుంది. మీరు మళ్ళీ కలిపిన ప్రతిసారీ ఎదుటివాడు ఒక కార్డు అదనంగా తీసుకోవచ్చు.

2024లో వచ్చిన డ్రాగపుల్ట్ ఈఎక్స్ డెక్ చూడండి. ఇది రెండు మెట్లు ఎదగాల్సిన పోకెమాన్. రేర్ క్యాండీ ఉంటే మధ్య మెట్టు దాటేయొచ్చు. అలాంటప్పుడు మధ్యనున్న డ్రాక్‌లోక్‌ని నలుగురిని ఎందుకు పెడతారని పాతవాళ్ళకి అనుమానం వస్తుంది. ఎందుకంటే డ్రాక్‌లోక్ ప్రతి టర్న్‌లోనూ పైనున్న రెండు కార్డులు చూసి, ఒకటి చేతికిచ్చి, రెండోది అడుగున పెడుతుంది. అలాంటివాళ్ళు బెంచి మీద ఇద్దరుంటే చెయ్యి ఎండిపోదు. 200 దెబ్బ కొట్టేది డ్రాగపుల్ట్ అయినా, ఆ దెబ్బ సమయానికి పడేలా చేసేది ఈ మధ్యవాడే. ఏ డెక్ ఎంచుకున్నా ఇలాంటి పనివాడు ఎవరో ముందు కనిపెట్టండి.

మారిన నియమాల్లో ముఖ్యమైనది ఇంకొకటి. పాతరోజుల్లో ప్రొఫెసర్ ఓక్ లాంటి ట్రైనర్ కార్డుని ఒకే టర్న్‌లో ఎన్నిసార్లయినా వాడేవారు. 2002 నుంచి సపోర్టర్ అనే తరగతి వచ్చింది, అవి టర్న్‌కి ఒక్కటే. మొదట ఆడేవాడికి మొదటి టర్న్‌లో దాడీ లేదు, సపోర్టరూ లేదు. ఈఎక్స్ పోతే ఎదుటివాడికి రెండు ప్రైజులు, 2025లో వచ్చిన మెగా ఈఎక్స్ పోతే మూడు.

సొంతంగా డెక్ తయారుచేయాలన్న ఉబలాటం అందరికీ ఉంటుంది. మొదటి రెండు నెలలు దాన్ని అణచుకోవడమే మంచిదని నా అభిప్రాయం. పోటీల్లో బాగా ఆడిన జాబితాలు బహిరంగంగానే దొరుకుతాయి. ఒకటి తీసుకుని, ఒక్క కార్డు కూడా మార్చకుండా ముందు పోకెమాన్ టీసీజీ లైవ్‌లో ఉచితంగా ఆడి చూడండి. నచ్చితేనే కార్డులు కొనండి, అదీ ప్యాకులు కాదు, విడి కార్డులు. ప్యాకు తెరవడంలో మజా ఉంది, ఒప్పుకుంటాను. కానీ అది వేరే ఖాతాలో రాసుకోవాల్సిన ఖర్చు. ఒకే కార్డు మామూలు బొమ్మతోనూ, మెరిసే ఖరీదైన బొమ్మతోనూ వస్తుంది, ఆటలో రెండూ సమానమే. చవకది తీసుకోండి. జాబితా వెతికే ఓపిక లేకపోతే కంపెనీయే అమ్మే లీగ్ బ్యాటిల్ డెక్కులున్నాయి, చారిజార్డ్ ఈఎక్స్‌దీ డ్రాగపుల్ట్ ఈఎక్స్‌దీ అలా వచ్చినవే. అక్షరం చూసి కొనండి.

ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చాక మనిషితో మూడు గేములు ఆడే ఓపిక ఉండదు. అరగంట చాలు. ఒంటరిగా ఏడు కార్డులు పంచుకుని, ఆరు ప్రైజులు పెట్టుకుని, మూడు టర్న్‌లు నడిపి, మళ్ళీ కలపండి. ఎక్కడ ఆగిపోయారో కాగితం మీద రాయండి. డెక్‌లో మొదటిసారి వెతికేటప్పుడు ఏ కార్డు కనపడలేదో లెక్కపెట్టడం కూడా ఇప్పుడే అలవాటు చేసుకోండి. కనపడనిది ప్రైజుల్లో ఉన్నట్టే, దాన్ని నమ్ముకుని పథకం వేయకూడదు.

పెద్ద రీజనల్ పోటీకి ముందు దగ్గర్లోని దుకాణంలో జరిగే లీగ్ ఛాలెంజ్‌కి వెళ్ళండి. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇది తేలిక, వారాంతంలో ఒక పూటతో అయిపోతుంది. పెద్దవాళ్ళంతా మాస్టర్స్ విభాగంలోనే ఆడతారు. స్లీవ్‌లన్నీ ఒకే రకం, కొత్తవి పెట్టుకోండి. మెరుపు కార్డులు వంగితే గుర్తుపెట్టిన కార్డులని జడ్జి శిక్ష వేయగలడు, కాబట్టి ముందురోజు రాత్రి కట్టను బల్లమీద పెట్టి పక్కనుంచి ఒకసారి చూసుకోండి. డెక్ జాబితా అచ్చువేసుకునేటప్పుడు మొత్తం 60 వచ్చిందో లేదో ఇంకొకరితో లెక్కపెట్టించండి.