ఫ్రీకి వ్యతిరేక పదం ఏది?

తిరుపతి

బుజ్జమ్మా,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన కాగితం చూసినాను. ఎడమ వరసలో ఇంగ్లీషు మాట, కుడి వరసలో దానికి ఒకే ఒక్క వ్యతిరేక పదం. కింద, "రోజుకు వంద బట్టీ పడుతున్నా మామా, అయినా మాక్ టెస్టులో తప్పులే" అని రాసినావు. ఆదివారం మీ అమ్మ వచ్చింది. పిల్ల రాత్రి రెండింటి దాకా మేలుకుంటోందని, ఈసారి ఉద్యోగం రాకపోతే నేను దేనికీ పనికిరానని అంటోందని చెప్పి కళ్లనీళ్లు పెట్టుకునింది. ఆ మాట సంగతి చివర చెబుతా. ముందు నీ కాగితం సంగతి.

అందులో 'ఫ్రీ'కి ఎదురుగా 'స్లేవ్' అని ఉంది. నా మనసు అక్కడే ఆగిపోయింది. ఫ్రీ విశేషణం, స్లేవ్ నామవాచకం. జతే కుదరదు. ఎవరు అచ్చేసి ఇచ్చినారో గానీ, అది బట్టీ పట్టి పరీక్షకు పోతే తప్పుకు అర మార్కు కోత పడుతుంది తల్లీ.

మీ అమ్మ పుత్తూరు నుంచి ఆడవాళ్ల ఫ్రీ బస్సెక్కి వచ్చింది. కండక్టరు కొట్టిచ్చిన సున్నా టికెట్టు కూడా చూపించింది. "బస్సు ఫ్రీనే అన్నా, సీటే ఫ్రీ లేదు. వడమాలపేట దాకా నిలబడే వచ్చినా" అనింది. ఒక్క మాటలో రెండు ఫ్రీలు వచ్చినాయి చూడు. మొదటిదానికి వ్యతిరేకం 'పెయిడ్', రెండోదానికి 'ఆక్యుపైడ్'. మీ అమ్మ ఏ కోచింగుకూ పోలేదు. ఆ తేడా ఆమె నోట్లోనే ఉంది.

నువ్వు ఈ ఊళ్లో పెరిగినదానివి, నీకూ ఉంది. శ్రీనివాసం దగ్గర సర్వదర్శనం టోకెన్లకు నిలబడినవాళ్లు ఫ్రీ దర్శనం అంటారు. దానికి ఎదురు 300 రూపాయల టికెట్టు. కొండమీద ధర్మరథం బస్సు ఫ్రీ, దర్శనమైనాక చేతిలో పెట్టే చిన్న లడ్డు ఫ్రీ. అదే నువ్వు ఫోన్ చేసి "మామా, ఫ్రీనా?" అంటే దానికి ఎదురు 'బిజీ'. పంజరం వదిలిన చిలక ఫ్రీ అయితే ఎదురు 'క్యాప్టివ్'. అనువాదం ఫ్రీ అయితే ఎదురు 'లిటరల్'. మీ అత్త తెచ్చుకునే షుగర్ ఫ్రీ బిస్కెట్టులో ఫ్రీ అంటే ఏకంగా 'లేనిది' అని అర్థం.

అందుకే ప్రశ్న చూడగానే పట్టికను గుర్తు చేసుకోవద్దు. అక్కడ తెలుగులో ఏ మాట పడుతుందో ముందు అడుగు. దర్శనం ఉచితం, సీటు ఖాళీ, మనిషికి తీరిక, చిలకకు స్వేచ్ఛ. తెలుగు విడివిడిగా ఉంచిన వాటన్నిటికీ ఇంగ్లీషు ఒక్క మాటే వాడుతుంది. అర్థం విడదీస్తే వ్యతిరేకం దానంతటదే దొరుకుతుంది. అట్లని తెలుగునైనా గుడ్డిగా తిప్పొద్దు. ఉచితానికి వ్యతిరేకం అనుచితం అని బళ్లో చెప్పినాం. అది 'తగినది' అనే అర్థానికి. 300 టికెట్టును అనుచిత దర్శనం అనం కదా. మీ అమ్మ నాకు చెల్లెలు, నీకు అమ్మ, మీ అత్తకు ఆడబిడ్డ. పక్కన ఎవరున్నారో తెలియకుండా ఆమె ఏమవుతుందో చెప్పలేం. మాటా అంతే.

నాకు ఇది నేర్పింది మదనపల్లె బి.టి. కాలేజీలో మా ఇంగ్లీషు మాస్టారు. 1915లో అనిబిసెంటమ్మ పెట్టిన కాలేజీ అది. 1919లో ఠాగూరు అక్కడికి వచ్చినప్పుడే జనగణమనను తానే ఇంగ్లీషులో రాసినారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరాలు రాసిపెట్టింది. మా మాస్టారు అది చెప్పేటప్పుడు గొంతు మారిపోయేది. లైబ్రరీలో ఆయన 'రోజే థిసారస్' అనే పదకోశం పాత ప్రతి తెరిచి చూపించినారు. 1852లో లండన్‌లో మొదట అచ్చయిన పుస్తకం. ఎడమ వరసలో ఒక భావం, కుడి వరసలో దాని ఎదురు భావం. నీ కాగితం లాగే రెండు వరసలు. కానీ ఒక్కో భావం కింద పేరాలకు పేరాలు మాటలు. సరిగ్గా ఆ ఏడే మద్రాసులో బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. మాటకు అర్థం చెప్పి వదిలేయకుండా, జనం దాన్ని ఎట్లా వాడతారో కూడా రాసినాడాయన. "మాటను వాక్యంలో పెట్టి తీసుకురండి, అప్పుడు మాట్లాడదాం" అనేవారు మాస్టారు. రాత్రి హాస్టల్లో సంగటి తింటూ కూడా మాకు అదే పని.

సంగటి అంటే గుర్తొచ్చింది, వేళకు తింటున్నావా? మీ అత్త ఊరిబిండి నూరి డబ్బాలో పెట్టింది. హైదరాబాదు వచ్చేవాళ్ల చేత పంపుతాం. మాక్ టెస్టు ఉందని అన్నం మానేయొద్దు.

ఇప్పుడు, చివర చెబుతానన్న ఆ మాట సంగతి. బతికినది, చచ్చినది అనే జతకు మధ్య ఏమీ లేదు. వేడి, చల్లన అనే జతకు మధ్య గోరువెచ్చన ఉంది. అన్ని జతలూ ఒకటి కావు. పాస్‌కు ఎదురు ఫెయిల్, అంతవరకే. 'పనికిరాను' అనే మాటకు ఆ వరసలో చోటు లేదు. నిన్ను ఎత్తుకుని పెంచినవాణ్ని, నాకు తెలుసు నువ్వేమిటో. ఆ మాట ఇంకోసారి మీ అమ్మ దగ్గర అనొద్దు.

ఆ కాగితం చించేయి. రోజుకు పది మాటలు చాలు, ఒక్కోదానికి సొంతంగా రెండు వాక్యాలు రాసి నాకు పంపు, నేను దిద్ది పంపుతా. రాత్రి పదిన్నరకు దీపం ఆర్పేయి. ఆదివారం తప్పకుండా ఫోన్ చెయ్యి.

మీ మామ