రోడ్డు ప్రమాదం తలరాత కాదు

మిరపకాయల కోతల కాలం. తెల్లవారకముందే కూలీల ఆటో బయలుదేరుతుంది. లోపల ఆడవాళ్ళు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుంటారు. డ్రైవరుకు అటొకరు, ఇటొకరు. వెనకవైపు కాళ్ళు వేలాడేసుకుని ఇంకో ముగ్గురు. ఇలాంటి ఆటోలు బోల్తాపడి ఎందరో కూలీలు చనిపోయారు. "వాళ్ళ తలరాత అట్లా ఉంది" అంటారు చూసినవాళ్ళు.

నిజంగా అది తలరాతేనా?

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు 460 మందికి పైగా. ఇన్ని చావులు ఊరికే జరగవు. ప్రతి ప్రమాదానికీ కారణం ఉంటుంది. కారణం తెలిస్తే చాలా ప్రమాదాలను ఆపవచ్చు.

వేగం

ఆ ఏడాది చనిపోయిన ప్రతి 10 మందిలో ఏడుగురు అతివేగం వల్ల జరిగిన ప్రమాదాల్లోనే చనిపోయారు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో బండి పోతోంది. గేదె అడ్డం వచ్చింది. డ్రైవరు చూసి బ్రేకు తొక్కడానికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ ఒక్క సెకనులోనే బండి ముందుకు పోతుంది. ఎంత దూరం? మూడు చీరలు వరసగా పరిస్తే ఎంత పొడవో అంత! ఆ తరువాతే బ్రేకు పట్టడం మొదలవుతుంది. వేగం రెట్టింపైతే, బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగు రెట్లు అవుతుంది.

బరువు

మామూలు ఆటోలో డ్రైవరు కాక ముగ్గురే ఎక్కాలి. పెద్ద ఆటోలో ఎందరు ఎక్కవచ్చో దాని కాగితాల్లో రాసి ఉంటుంది. ఎక్కువమంది ఎక్కితే బండి త్వరగా ఆగదు. మలుపులో ఒరిగిపోతుంది. పక్కన మనుషులుంటే డ్రైవరుకు చేతులు ఆడవు. ట్రాక్టరు ట్రక్కు కూడా సరుకులకే. మనుషులకు కాదు.

"పెద్దమ్మా, కాస్త సర్దుకోండి. ఇంకో నలుగురు ఎక్కాలి" అంటాడు డ్రైవరు.

"చోటు లేదు నాయనా. రెండో బండిని పిలువు."

"రెండో బండి కిరాయి ఎవరిస్తారు?"

అసలు చిక్కు ఇదే. కిరాయి తగ్గుతుందని ఒకే బండి మాట్లాడతారు. ఒక్కామె దిగిపోతే ఆమె ఆ రోజు కూలి పోతుంది. బండి మాత్రం ఆగదు. అందుకని అందరూ కలిసి అడగాలి. ముందురోజు సాయంత్రమే మేస్త్రితో, రైతుతో మాట్లాడాలి. రెండో బండి కావాలి. లేదా ఒకే బండి రెండుసార్లు తిరగాలి. తాగిన డ్రైవరు వద్దు.

ఒక్కరు అడిగితే గొడవ. అందరూ అడిగితే బలం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకున్న స్త్రీలు కలిసికట్టుగా సారాను ఎదిరించారు. ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

హెల్మెట్టు

2022లో హెల్మెట్టు లేక 50,029 మంది చనిపోయారు. వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. కాబట్టి వెనక కూర్చునే ఆడవాళ్ళకూ హెల్మెట్టు కావాలి. నాలుగేళ్ళు దాటిన పిల్లలకూ కావాలి. గడ్డం కింద పట్టీ బిగించాలి. చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా దోపుకోవాలి.

18 ఏళ్ళు నిండని కొడుకు ఎంత మారాం చేసినా మోటారు సైకిలు ఇవ్వకూడదు. 2019లో సవరించిన చట్టం ప్రకారం తల్లిదండ్రులకు జైలుశిక్ష కూడా పడవచ్చు.

రోడ్డు కళ్ళం కాదు

కొందరు వడ్లు, మొక్కజొన్నలు రోడ్డు మీద ఆరబోస్తారు. చుట్టూ రాళ్ళు పెడతారు. గింజల మీద చక్రం జారుతుంది. చీకట్లో రాళ్ళు కనబడవు. మన గింజలు ఇంకొకరి ఇంట్లో దీపం ఆర్పకూడదు.

ప్రమాదం జరిగితే

వెంటనే 108కి ఫోను చేయాలి. ఈ అంబులెన్సు సేవ ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. ఊరి పేరు, దగ్గరి గుర్తు చెప్పాలి. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. స్పృహ లేని మనిషికి నీళ్ళు పోయకూడదు. మెడ, నడుము కదిలించకూడదు.

"పోలీసు కేసు మన మీదికి వస్తుందేమో" అని చాలామంది భయపడతారు. భయం వద్దు. సాయం చేసినవాళ్ళకు చట్టం రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని వాళ్ళను బలవంతం చేయకూడదు.

చర్చించండి

1. మీ ఊరి కూలీల ఆటోలో ఎంతమంది ఎక్కుతున్నారు? లెక్కించి రాయండి.
2. రెండో బండి కోసం ఎవరితో మాట్లాడాలి? ఎవరెవరు కలిసి వెళ్ళాలి?
3. మీ ఊరి రోడ్డు మీద ప్రమాదకరమైన చోటు ఏది? దాన్ని గురించి పంచాయతీకి ఒక అర్జీ రాయండి. చివర అందరూ సంతకాలు చేయండి.