రాత్రివేళ వచ్చే వీరుడు

ఒంటినిండా నల్లబట్టలు. మొహానికి కూడా నల్లగుడ్డ. కళ్లు మాత్రమే కనిపిస్తాయి. గోడలు పాకుతాడు. ఇంటికప్పు మీద పిల్లిలా నడుస్తాడు. చప్పుడు చెయ్యడు. ఇలాంటివాణ్ని మీరు ఏదో ఒక సినిమాలో చూసే ఉంటారు. ఇతన్ని నింజా అంటారు. ఈ పేరు పెద్దవాళ్ల కన్నా పిల్లలకే బాగా తెలుసు. టీవీలో నింజా హట్టోరి బొమ్మల కథ వస్తుంటే, చేతిలో అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోతుంది.

నింజా మనవాడు కాదు. జపాన్ దేశంవాడు. మరి మన పిల్లలకు అతనంటే అంత ఇష్టం ఎందుకు? పిల్లలకే కాదు, పెద్దలకూ ఎందుకు? ఇది తెలియాలంటే ముందు జపాన్ వెళ్లనక్కరలేదు. బొబ్బిలి వెళ్తే చాలు. అలాంటి రాత్రి ఒకటి మన దగ్గరే జరిగింది.

అది 1757వ సంవత్సరం. అప్పటికి మన ప్రాంతానికి ఇంగ్లీషువాళ్ల పాలన రాలేదు. ఫ్రెంచివాళ్లు పెత్తనం చేస్తున్నారు. నిజాము 1753లో ఈ సర్కారు జిల్లాలను వాళ్లకు ఇచ్చాడు. వాళ్ల సేనాని పేరు బుస్సీ. విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు. ఆయన బుస్సీకి కావలసినవాడు. బొబ్బిలి రాజు రంగారావు. ఈ ఇద్దరు రాజులకూ పడేది కాదు. సరిహద్దు తగువులున్నాయి. నీళ్ల తగువూ ఉంది. బొబ్బిలివాళ్లు మా నీళ్లు మళ్లించుకుపోతున్నారని విజయనగరంవాళ్ల ఫిర్యాదు. ఎగువ పొలంవాడు గట్టు వేసేస్తే దిగువవాడికి కడుపు ఎలా మండుతుందో మీకు వేరే చెప్పాలా!

కోట వదిలి వేరే చోటికి పొమ్మని బుస్సీ రంగారావుకు కబురు పెట్టాడు. బదులుగా భూములు ఇస్తానన్నాడు. రంగారావు ఒప్పుకోలేదు. జనవరి 24న ఫిరంగులు బొబ్బిలి కోట మీద పేలాయి. అది మట్టికోట. లోపల సైన్యం కొద్దిగానే ఉంది. కోట నిలవదని తెలిసిపోయింది. లోపల ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. వాళ్లు శత్రువు చేతికి చిక్కకూడదని సొంత మగవాళ్లే ఇళ్లకు నిప్పు పెట్టారు. మంటల్లోంచి తప్పించుకోబోయినవాళ్లను పొడిచేశారు. తర్వాత వాళ్లూ పోరాడుతూ చచ్చిపోయారు. రంగారావు కోటలోనే పడిపోయాడు. ఆయన చిన్న కొడుకు ఒక్కడు మాత్రం ఎలాగో దక్కాడు.

రంగారావు పక్షంలో తాండ్ర పాపారాయుడు అనే వీరుడున్నాడు. అప్పుడతను రాజాంలో ఉన్నాడు. ఇతను రాణి మల్లమ్మకు తమ్ముడని కథల్లో చెబుతారు. యుద్ధం కబురు అతనికి బేగి అందలేదట. వచ్చేసరికి అంతా అయిపోయింది. కోట బూడిదైంది.

రెండు మూడు రోజులు గడిచాయి. విజయరామరాజు గుడారంలో ఉన్నాడు. చుట్టూ కాపలా ఉంది. ఆ రాత్రి బొబ్బిలి మనుషులు కాపలావాళ్ల కన్నుగప్పి గుడారంలో దూరారు. రాజును కత్తులతో పొడిచి చంపారు. వాళ్లూ అక్కడినుంచి బతికి బయటపడలేదు. ఆ వచ్చినవాడు పాపారాయుడే అని మన కథలు చెబుతాయి.

చూశారా! నల్ల ముసుగు ఒక్కటే తక్కువ. చీకటి ఉంది. చప్పుడు లేని అడుగు ఉంది. చేతిలో కత్తి ఉంది. ఎదురుగా పెద్ద సైన్యం ఉంది. సైన్యంతో గెలవలేని మనిషి చీకట్లో వచ్చి పని ముగించాడు. జనం మరిచిపోలేనిది ఇదే.

అందుకే జంగంవాళ్లు ఈ కథ ఊరూరా పాడారు. షేక్ నాజర్ బుర్రకథగా చెప్పి జనాన్ని ఏడిపించాడు. 1964లో 'బొబ్బిలి యుద్ధం' సినిమా వచ్చింది. అందులో ఎన్.టి. రామారావు రంగారావు వేషం వేశాడు. పాపారాయుడి వేషం ఎస్.వి. రంగారావుది. మల్లమ్మగా భానుమతి నటించింది. 1986లో దాసరి నారాయణరావు 'తాండ్ర పాపారాయుడు' తీశాడు. అందులో వీరుడు కృష్ణంరాజు. ఇక 'బొబ్బిలి పులి', 'బొబ్బిలి బ్రహ్మన్న', 'బొబ్బిలి రాజా' సినిమాల్లో ఈ యుద్ధం లేనేలేదు. పేరు ఒక్కటి తగిలిస్తే చాలు, జనం వస్తారని సినిమావాళ్లకు తెలుసు.

ఇప్పుడు జపాన్ వెళ్దాం. సుమారు 500 ఏళ్ల కిందట అక్కడా ఇలాగే దొరల మధ్య యుద్ధాలు జరిగేవి. ఇగా, కోగా అని రెండు కొండప్రాంతాలున్నాయి. అక్కడి మనుషులు వేగు పనిలో ఆరితేరినవాళ్లు. వేగు అంటే శత్రువు సంగతులు రహస్యంగా తెలుసుకుని రావడం. కోటలో ఎంతమంది ఉన్నారు? బియ్యం ఎన్నాళ్లకు వస్తాయి? ఏ గోడ బలహీనం? ఇవి తెలుసుకోవడమే వాళ్ల అసలు పని. అవసరమైతే నిప్పు పెట్టేవాళ్లు. కత్తి తియ్యడం కన్నా దొరక్కుండా తిరిగి రావడమే గొప్ప. చచ్చిపోతే కబురు ఎవరు తెస్తారు?

నిజం నింజాలు నల్లబట్టలు వేసుకుని తిరగలేదు. అలా తిరిగితే పట్టపగలే దొరికిపోరూ! రైతులాగో, వర్తకుడిలాగో, సన్యాసిలాగో పోయేవాళ్లు. నల్లబట్ట నాటకాల నుంచి వచ్చిందని చెబుతారు. జపాన్ నాటకంలో సామాన్లు అందించే మనిషి నల్లబట్టల్లో వేదిక మీదే ఉంటాడు. అతను లేనట్టే అనుకుని జనం ఆట చూస్తారు. మన తూర్పు భాగవతంలో తెర పట్టుకునేవాళ్లను మనం చూస్తామా? అదీ అంతే. కనపడని మనిషికి గుర్తుగా ఆ నల్లబట్ట నింజాకు అంటుకుంది. తర్వాత 1962లో జపాన్‌లో నింజాల సినిమా ఒకటి బాగా ఆడింది. 1980ల్లో అమెరికావాళ్లు వరసగా తీశారు. 1984లో నింజా తాబేళ్ల బొమ్మల పుస్తకం కూడా వచ్చింది. తాబేలుకు కత్తి ఇచ్చినా జనం చూశారంటే, ఆ ముసుగుకు ఎంత గిరాకీ ఉందో చూడండి.

ఈ ఇష్టంలో తప్పు లేదు. మోతుబరి ముందు నోరు విప్పలేని మనిషికి, తెర మీద ఒక ఒంటరివాడు బలవంతుడి పడకదాకా పోతే గుండె నిండుతుంది. సినిమా హాలు దాటాక మళ్లీ అదే మోతుబరి, అదే వడ్డీ. అది వేరే సంగతి.

కాని సినిమా కత్తి దగ్గర ఆగిపోతుంది. కత్తి తర్వాత ఏమైంది? విజయరామరాజు పోయాడు. ఫిరంగులు తెచ్చిన బుస్సీ మాత్రం క్షేమంగానే ఉన్నాడు. విజయనగరం గద్దె మీదికి ఆనందగజపతి రాజు వచ్చాడు. ఫ్రెంచివాళ్లతో ఆయనకు చెడింది. ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. ఇంగ్లీషువాళ్లు అలా మన గుమ్మంలోకి వచ్చి, 1947 దాకా ఉండిపోయారు. విజయనగరం వైపు నిలబడి చూస్తే, రాత్రివేళ గుడారంలో దూరి ఒక మనిషిని చంపడం వీరం అవునా కాదా అని కూడా అడగవచ్చు. ఇప్పుడు బొబ్బిలి, రాజాం, విజయనగరం మూడూ ఒకే జిల్లాలో ఉన్నాయి. రాజాం 2022లో శ్రీకాకుళం నుంచి ఈ జిల్లాకు మారింది.

ఇంకో సంగతి. కోటలో కాలిపోయిన ఆడవాళ్లు ఎంతోమంది. మన కథల్లో వాళ్లలో ఎందరి పేర్లు వినిపిస్తాయి? మల్లమ్మ పేరు వినిపిస్తుంది. మిగతావాళ్లు 'అంతఃపుర స్త్రీలు' అనే ఒక్క మాటలో పోతారు. చావాలా, బతకాలా అని వాళ్లను ఎవరైనా అడిగారా? కథ చెప్పేవాళ్లు దాన్ని మానం కాపాడుకోవడం అంటారు. పసిపిల్లను చంకనేసుకుని మంటల్లోంచి పరుగెత్తిన తల్లి ఏమనుకుందో ఎవరూ పాడలేదు. జపాన్‌లో 1676లో రాసిన నింజా విద్య పుస్తకం ఒకటుంది. శత్రువు ఇంట్లోకి ఆడమనిషిని పంపి సంగతులు రాబట్టడం గురించి అందులో ఉంది. ఇల్లు ఊడ్చే మనిషి ముందు ఎవరూ మాట ఆపుకోరు. ఆ పుస్తకం రాసినవాళ్లు ఈ కిటుకు కనిపెట్టారు. సినిమావాళ్లు మాత్రం ఆడ నింజాకు బిగుతు బట్టలు వేసి గెంతించారు.

మాట్లాడుకోండి

మీ ఊళ్లో బొబ్బిలి కథ ఎవరు చెబుతారు? వాళ్ల చేత చెప్పించుకుని వినండి. అందులో ఎందరు ఆడవాళ్ల పేర్లు వచ్చాయి? ఆ పేర్లు మీ నోటుబుక్కులో రాయండి.

రంగారావు కోట వదిలి పోయి ఉంటే బాగుండేదా? బొబ్బిలి ఆడవాళ్లను అడిగి ఉంటే ఏమనేవారు? ఇద్దరిద్దరుగా కూర్చుని చెప్పుకోండి.