చర్మం చెప్పే మాట విందాం

గుండెలో నొప్పి వస్తే ఆ పూటే ఆసుపత్రికి పరుగెత్తుతాం. చర్మం మీద మచ్చో దురదో వస్తే మాత్రం "అదే పోతుందిలే" అనుకుంటాం. పోకపోతే మందుల షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చి పూస్తాం. దానితోనూ తగ్గకపోతే ఎవరో చెప్పిన పసరు రాస్తాం. ఇవన్నీ అయి డాక్టరు దగ్గరకు వచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. మొదట్లో వారం రోజుల్లో తగ్గే జబ్బు ఈలోగా ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది, లేదా శాశ్వతంగా నష్టం చేసి పోతుంది.

చర్మం మన శరీరంలో అన్నిటికంటే పెద్ద అవయవం. పెద్ద మనిషి చర్మాన్ని పరిచి కొలిస్తే ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్ల దాకా ఉంటుంది. క్రిములను లోపలికి రానివ్వకుండా, నీటిని బయటికి పోనివ్వకుండా, ఎండకూ చలికీ తగినట్టు శరీర వేడిని సరిచేస్తూ అది రాత్రింబవళ్లు పనిచేస్తుంది. లోపల వచ్చే జబ్బులను కూడా చాలాసార్లు ముందుగా బయటపెట్టేది చర్మమే. రోగిని కనిపెట్టుకుని ఉండే మీకు ఈ విషయాలు తెలిసి ఉంటే రోగికీ మేలు, ఇంట్లోవారికీ మేలు.

1. రాత్రిపూట ఎక్కువయ్యే దురద – గజ్జి

పిల్లవాడు పగలంతా ఆడుకుంటాడు. రాత్రి పడుకోగానే గోకుడు మొదలవుతుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుం చుట్టూ, తొడల మధ్య చిన్న చిన్న పొక్కులు కనిపిస్తాయి. కొద్ది రోజులకు తల్లికీ, నాయనమ్మకీ అదే దురద. ఇలా ఉంటే అది గజ్జి అని అనుమానించాలి.

గజ్జి రక్తం చెడిపోవడం వల్ల రాదు. వంకాయ తినడం వల్ల కూడా రాదు. కంటికి సరిగా కనిపించనంత చిన్న పురుగు చర్మం పైపొరలో సొరంగంలా తొలుచుకుని గుడ్లు పెట్టడం వల్ల వస్తుంది. ఒకే పక్క మీద పడుకున్నప్పుడు, ఎక్కువసేపు ఒకరినొకరు తాకినప్పుడు అంటుకుంటుంది. మొదటిసారి అంటుకున్నవారికి దురద మొదలవడానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. అందుకే దురద లేనివారిలోనూ పురుగు ఉండవచ్చు.

వైద్యంలో ముఖ్యమైన సూత్రం ఒక్కటే: ఇంట్లో అందరూ ఒకే రోజు మందు పూసుకోవాలి. దురద ఉన్నవారు మాత్రమే పూసుకుంటే జబ్బు తిరిగి వస్తుంది. సాధారణంగా డాక్టర్లు పెర్‌మెత్రిన్ 5 శాతం క్రీము రాసి ఇస్తారు. రాత్రి పడుకునే ముందు మెడ నుంచి అరికాళ్ల వరకు, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద కూడా పూసి, ఉదయం స్నానం చేయాలి. వారం రెండు వారాల్లో మరోసారి పూయాలి. చంటిపిల్లలకు, గర్భిణులకు ఎలా వాడాలో డాక్టరును అడిగి తెలుసుకోండి. మందు పూసిన మరునాడు దుప్పట్లు, తువ్వాళ్లు, కట్టిన బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరవేయండి. ఉతకలేని వాటిని సంచిలో మూటకట్టి వారం రోజులు పక్కన పెట్టండి. మనిషి ఒంటిని విడిచి ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకలేదు.

పురుగు చచ్చిపోయాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండవచ్చు. మందు పనిచేయలేదని మళ్లీ మళ్లీ పూయవద్దు. గోకిన చోట చీము పడితే మాత్రం ఆలస్యం చేయకండి. పిల్లల్లో ఆ చీము పొక్కుల తరువాత మూత్రపిండాలు వాచే ప్రమాదం ఉంది. ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

2. ఉంగరంలా పాకే మచ్చ – తామర

గజ్జల్లో, నడుం దగ్గర, చంకల్లో గుండ్రంగా, అంచు ఎర్రగా, మధ్యలో కాస్త మానినట్టు కనిపించే మచ్చ తామర. ఇది ఒక రకం బూజు వల్ల వస్తుంది. చెమట, తడి, బిగుతు బట్టలు ఉన్నచోట బాగా పెరుగుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. షాపులో అడిగితే దొరికే కొన్ని పూతమందుల్లో బూజును చంపే మందుతోపాటు స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. అది పూసిన రెండు రోజులకే దురద, ఎరుపు తగ్గుతాయి. "భలే మందు" అనిపిస్తుంది. నిజానికి స్టెరాయిడ్ చర్మం రోగనిరోధక శక్తిని అణచివేస్తుంది, దాంతో బూజు అడ్డులేకుండా పాకుతుంది. ఆపగానే రెండింతలై తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి పూస్తే చర్మం పలచబడి, గజ్జల్లో చారలు పడతాయి. ఆ చారలు ఇక పోవు. గత పదేళ్లలో మన దేశంలో మొండి తామర ఇంతగా పెరగడానికి ఈ వాడకం ఒక ముఖ్య కారణం. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది. చీటీ లేకుండా ఇచ్చే ట్యూబును తీసుకోకండి. ముఖం తెల్లబడడానికని అమ్మే పేరులేని క్రీముల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

తామరకు మందు మచ్చ పోయాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాలి. ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడకూడదు. లోబట్టలు రోజూ మార్చి, తిరగేసి ఎండలో ఆరవేయాలి. తామర మాటిమాటికీ వస్తున్నా, సెగ్గడ్డలు ఒకటి తరువాత ఒకటి లేస్తున్నా రక్తంలో చక్కెర పరీక్ష చేయించండి. మధుమేహం ఉందని చాలామందికి ఇలాగే మొదట తెలుస్తుంది.

3. నొప్పీ దురదా లేని మచ్చ – అశ్రద్ధ చేయకూడనిది

దురద పెట్టే మచ్చను అందరూ పట్టించుకుంటారు. దురద లేని మచ్చను ఎవరూ పట్టించుకోరు. పాలిపోయిన లేదా కొద్దిగా ఎర్రబారిన మచ్చ ఉండి, అక్కడ దూదితో తాకితే తెలియకపోతే, వేడి తెలియకపోతే, అది కుష్ఠు కావచ్చు. బొల్లి మచ్చ పాలలా తెల్లగా ఉంటుంది, అక్కడ స్పర్శ ఉంటుంది. బొల్లి అంటువ్యాధి కాదు.

కుష్ఠు పాపం వల్లనో శాపం వల్లనో రాదు. 1873లో హాన్సెన్ అనే నార్వే వైద్యుడు దీనికి కారణం ఒక సూక్ష్మక్రిమి అని కనుగొన్నాడు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు ఆసుపత్రి వెలిసిన కాలంలో సరైన మందు లేదు. ఒక చెట్టు గింజల నూనెను సూదిద్వారా ఇవ్వడమే వైద్యం. 1981 తరువాత బహుళ ఔషధ చికిత్స వచ్చింది. ఇప్పుడు 6 నెలలు లేదా 12 నెలలు మందులు వాడితే జబ్బు పూర్తిగా నయమవుతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటించే శక్తి పోతుంది. రోగిని వేరే గదిలో ఉంచనక్కరలేదు, కంచం వేరు చేయనక్కరలేదు. కుష్ఠు కారణంగా విడాకులు కోరే వీలును కూడా పార్లమెంటు 2019లో తొలగించింది.

2005 చివరికల్లా మన దేశంలో జాతీయ స్థాయిలో పదివేల మందికి ఒకరికంటే తక్కువగా కుష్ఠు ఉన్నట్టు ప్రకటించారు. అయినా జబ్బు పోలేదు. 2023లోనూ లక్షకు పైగా కొత్త రోగులు బయటపడ్డారు. ఆలస్యం చేస్తే నరాలు దెబ్బతిని వేళ్లు వంకరపోతాయి. మందు క్రిమిని చంపగలదు గానీ చచ్చిన నరాన్ని తిరిగి తేలేదు. సిగ్గుపడి దాచిపెట్టిన ప్రతి నెలా రోగి చేతుల్లోంచి కొంత శక్తి పోతుందని గుర్తుంచుకోండి.

4. ఒకే వైపు మంటతో నీటిపొక్కులు – సర్పి

ఛాతీకో నడుముకో ఒక పక్కన మంట పుట్టి, తరువాత గుంపుగా నీటిపొక్కులు వస్తే దానిని సర్పి అంటాం. "పాములా చుట్టుకుని తల, తోక కలిస్తే మనిషి బతకడు" అనే భయం మన ఊళ్లలో ఉంది. అది నిజం కాదు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నరంలో దాగి ఉండి, పెద్దయ్యాక మళ్లీ లేవడమే సర్పి. ఆ నరం శరీరంలో ఒక పక్కకే ఉంటుంది కాబట్టి పొక్కులు సాధారణంగా నడిమి గీత దాటవు. పొక్కులు వచ్చిన 72 గంటల లోపు మందు మొదలుపెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది. మంత్రం కోసం తిరిగితే ఈ మూడు రోజులే చేజారిపోతాయి. పొక్కులు కంటి దగ్గరగానీ ముక్కు మీదగానీ వస్తే చూపుకే ప్రమాదం.

5. మంచం పట్టినవారి చర్మం

పక్షవాతం వచ్చినవారు, తుంటి ఎముక విరిగినవారు కదలలేక ఒకే పక్క పడుకుంటారు. ఎముక ఒత్తిడికి చర్మానికి రక్తం అందక పడక పుండ్లు పడతాయి. ఇవి కుటుంబ సభ్యుల చేతుల్లో ఆగే జబ్బు.

• రెండు గంటలకొకసారి పక్కకు తిప్పండి. లాగకండి, ఇద్దరు కలిసి ఎత్తి తిప్పండి.
• నడుం కింది భాగం, తుంట్లు, మడమలు, మోచేతులు రోజూ చూడండి. నొక్కినా పోని ఎరుపు ఉంటే అది మొదటి హెచ్చరిక. అక్కడ రుద్దకండి, ఒత్తిడి తీసేయండి.
• మలమూత్రాలు అయిన వెంటనే కడిగి, మెత్తగా అద్ది ఆరబెట్టండి. దుప్పటిలో ముడతలు లేకుండా చూడండి.
• గుడ్డు, పప్పు, పాలు వంటి మాంసకృత్తులున్న ఆహారం పెట్టండి. ఏవైనా పెట్టవద్దని డాక్టరు చెప్పి ఉంటే వారి సలహా పాటించండి.

రోజూ పాటించవలసిన అలవాట్లు

• స్నానానికి గోరువెచ్చని నీళ్లు, తక్కువ సబ్బు చాలు. పీచుతో గట్టిగా రుద్దితే చర్మం పొడిబారుతుంది. స్నానం నీళ్లలో ఘాటైన క్రిమినాశకాలు కలపకండి.
• చలికాలంలో స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్న వెంటనే, చెమ్మ ఆరకముందే కొబ్బరినూనె రాయండి.
• కాలి వేళ్ల సందులు, చంకలు, గజ్జలు పొడిగా తుడుచుకోండి.
• వేసవిలో వదులైన నూలు బట్టలు కట్టండి. చెమటకాయలకు చల్లని నీళ్లూ గాలీ మంచి మందు.
• గోళ్లు పొట్టిగా కత్తిరించండి. మొటిమలు గిల్లకండి.
• మధుమేహం ఉన్నవారు రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవాలి. కనిపించకపోతే అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లోవారిని చూడమనండి.
• పుండు మీద సున్నం, బూడిద, పేడ, టూత్‌పేస్ట్ పెట్టకండి. శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి తీసుకురండి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన సూచనలు

జ్వరంతోపాటు ఎరుపు, వాపు పాకుతుంటే. కొత్త మాత్రలు మొదలుపెట్టాక ఒంటిమీద పొక్కులు, నోట్లో కళ్లలో పుండ్లు వస్తే. పుట్టుమచ్చ పెరిగి రంగు మారితే. నెల దాటినా పుండు మానకపోతే. మచ్చలో స్పర్శ లేకపోతే ఆలస్యం చేయకండి. మాత్రల వల్ల పొక్కులు వచ్చాయని అనుమానం కలిగితే ఆ మాత్రలు ఆపి, వాటి అట్టను కూడా వెంట తీసుకురండి.

ఈ రాత్రి ఇంట్లో అందరూ నిద్రపోయే ముందు ఒక్క పది నిమిషాలు కేటాయించండి. పిల్లల వేళ్ల సందులు, అమ్మానాన్నల అరికాళ్లు, మీకు అందని మీ వీపు ఒకరివి ఒకరు చూసుకోండి. దీనికి డబ్బు ఖర్చు లేదు. కానీ ఒక చేతినో ఒక కాలినో కాపాడేది చాలాసార్లు ఈ పది నిమిషాలే.