పిల్లను విడిపించాక కేసును నిలబెట్టేదెవరు?

మనుషుల అక్రమ రవాణా మీద పోరాడాలంటే ఐపీఎస్ కావాలి, లా చదవాలంటే క్లాట్ ప్రవేశ పరీక్ష రాసి నేషనల్ లా స్కూల్లో సీటు తెచ్చుకోవాలి. కోలారు జిల్లాలో నేను మాట్లాడే తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ రెండు నమ్మకాలు గట్టిగా ఉన్నాయి. రెండూ పిల్లల్ని తప్పుదారి పట్టిస్తున్నాయి.

2001లో బంగారు గనులు మూతపడ్డాక మన జిల్లాలోని కేజీఎఫ్‌లో ఎన్నో ఇళ్లకు మారికుప్పం నుంచి బెంగళూరు వెళ్లే రైలే జీవనాధారం. అలాంటి ఇంట్లో అప్పు తెచ్చి, ఇంటర్ చదువుతున్న పిల్లకు క్లాట్ కోచింగ్ ఫీజు కట్టడం నాకు బాధగా ఉంటుంది. సీటు వస్తే ఐదేళ్ల ఫీజుల బరువు. ఆ అప్పు తీర్చడానికి కార్పొరేట్ ఉద్యోగమే దిక్కవుతుంది. జిల్లా కోర్టుకు వద్దామన్న కోరిక అక్కడితో ఆగిపోతుంది. సీటు రాకపోతే ఆ పిల్ల తనను తాను ఓడిపోయినదానిగా లెక్కేసుకుంటుంది. పదిహేడేళ్ల పిల్లకు ఈ శిక్ష ఎందుకు?

ఇక ఐపీఎస్ కావాలన్న నమ్మకం సంగతి. పోలీసు దాడి జరిగాక ఏమవుతుందో ఒక కేసు చెబుతుంది. 2010 నవంబరులో బెంగళూరు పీణ్యాలో ఒక స్వచ్ఛంద సంస్థ ఇచ్చిన సమాచారంతో పోలీసులు విటుడిలా నటించే మనిషిని, అంటే డెకాయ్‌ను, గుర్తుపెట్టిన నోట్లతో ఒక ఇంటికి పంపారు. మైనర్ బాలిక బయటపడింది. దాడి ఒక్కరోజు పని. ట్రయల్ కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది, చివరికి 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఆ శిక్షను నిలబెట్టింది. ఇలాంటి బాలికను నేరంలో భాగస్వామిగా చూడకూడదని, గాయపడిన సాక్షికిచ్చే విలువ ఆమె మాటకు ఇవ్వాలని, చిన్నచిన్న తేడాలు చూపి ఆమె వాంగ్మూలాన్ని కొట్టిపారేయకూడదని ఆ తీర్పు చెప్పింది. అన్నేళ్లూ ఆ కేసును కోర్టుల్లో మోసింది ప్రభుత్వం తరఫు లాయర్లు, అంటే ప్రాసిక్యూటర్లు.

ఇలాంటి కేసుల్లో క్రాస్ ఎగ్జామినేషన్ మొదలైతే డిఫెన్స్ మొదట పట్టుకునేది డెకాయ్‌నే. నేరం చేయాలన్న ఉద్దేశం నిందితుడికి ముందే ఉందా, లేక పోలీసులే పురికొల్పారా? వల పన్నడానికీ, వద్దనుకున్నవాణ్ణి ఉసిగొల్పడానికీ మధ్య గీతను సుప్రీంకోర్టు 1956లోనే రామ్‌జనమ్ సింగ్ కేసులో గీసింది. ఆ తర్వాత మహజరు మీద, అంటే సాక్షుల ముందు రాసే పంచనామా మీద, పడతారు. 1956 నాటి అక్రమ వ్యాపార నిరోధక చట్టం 15వ సెక్షన్ ప్రకారం, వారంటు లేకుండా సోదా చేసే అధికారి ఇద్దరు గౌరవనీయ సాక్షులను పిలవాలి, వారిలో ఒకరైనా మహిళ కావాలి. సోదా బృందంలో ఇద్దరు మహిళా పోలీసులు ఉండాలి. ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. నోట్ల నంబర్లు దాడికి ముందు రాసిన మహజరులోనూ, తర్వాత రాసినదానిలోనూ ఒకేలా ఉన్నాయా? ఇలాంటి చోట్ల లోపాలను ఛార్జిషీటుకు ముందే పట్టుకుని పోలీసులను నిలదీయగల ప్రాసిక్యూటర్ దొరికితే సగం కేసు గెలిచినట్టే. నాకు ఈ ఉద్యోగమంటే అంత గౌరవం అందుకే.

మన కోలారు పిల్లలకు ఈ పనిలో ఒక బలం ఉంది. బెంగళూరుకు తరలించే పిల్లల్లో రాష్ట్ర సరిహద్దు అవతల తెలుగు పల్లెలవాళ్లూ ఉంటారు. కోర్టు రికార్డు కన్నడంలో నడుస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నేర్చిన ముళబాగిలు, శ్రీనివాసపురం పిల్ల బాధితురాలి మాటను దుబాసీ లేకుండానే అర్థం చేసుకుంటుంది. ఆ పిల్లతో కన్నడం మాన్పించి ఇంగ్లిషు ఒక్కటే మాట్లాడించే తల్లిదండ్రులు ఆమె చేతిలోని పనిముట్టు లాగేసుకుంటున్నారు.

అర్హత సంగతి: లా డిగ్రీ, మూడేళ్ల ప్రాక్టీసుతో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పరీక్షకు కూర్చోవచ్చు, సెషన్స్ కోర్టు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు ఏడేళ్లు కావాలి. ఆంధ్ర, తెలంగాణల్లో అసిస్టెంట్ ప్రాసిక్యూటర్ పరీక్షను పోలీసు నియామక మండళ్లు పెడతాయి.

ఆ లా డిగ్రీకి క్లాటే అక్కర్లేదు, మామూలు డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చాలు. కేజీఎఫ్ ఉరిగాంలోనే కెంగల్ హనుమంతయ్య లా కాలేజీ ఉంది. బార్ కౌన్సిల్లో పేరు నమోదుకు జనరల్ వారి దగ్గర 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీల దగ్గర 125 మించి తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2024లో తేల్చింది. అసలు ఖర్చు జూనియర్‌గా ఉన్న ఏళ్లది. గ్రామీణ ప్రాంతాల్లో జూనియర్లకు నెలకు 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024లో చెప్పినా అది సూచన మాత్రమే, చాలామందికి బస్సు ఛార్జీలు కూడా రావు. క్లాట్ కోచింగ్‌కు పోసే డబ్బు ఈ జూనియర్ ఏళ్ల కోసం దాచండి. "క్రిమినాలజీ డిప్లొమా చేస్తే ప్రాసిక్యూటర్ ఉద్యోగం ఖాయం" అనే ప్రకటనలకు రూపాయి కూడా ఇవ్వొద్దు. ప్రాసిక్యూటర్ పరీక్ష కోచింగ్ కన్నా, సెషన్స్ కేసులు నిజంగా నడిపే సీనియర్ దగ్గర రెండేళ్లు ఫైళ్లు మోయడం మేలని నా నమ్మకం.

"ఆడపిల్లకు క్రిమినల్ కోర్టు ఎందుకు" అనే మాటతో నాకు ఓపిక పోతుంది. భయంతో వణికే పదిహేనేళ్ల బాలిక ముందుగా మాట్లాడగలిగేది చాలాసార్లు మహిళా ప్రాసిక్యూటర్‌తోనే. అలాగని ఈ పని మీద మనసు లేని పిల్లను ఇందులోకి తోయొద్దు. వాయిదాలు, ఎదురుతిరిగే సాక్షులు, ఓడిపోయే కేసులు ఈ పనిలో రోజూ ఉంటాయి.

ఈ సెలవుల్లో పిల్లను కోలారు జిల్లా కోర్టుకు తీసుకెళ్లి వెనక బెంచీలో కూర్చోబెట్టండి. పిల్లలపై లైంగిక నేరాల (పోక్సో) విచారణలు తలుపులు మూసి జరుగుతాయి, వాటిలోకి రానివ్వరు. దొంగతనం కేసో, కొట్లాట కేసో చాలు. ఒక సాక్షి క్రాస్ మొదటినుంచి చివరిదాకా విన్నాక తనకేమనిపించిందో పిల్లనే చెప్పనివ్వండి.